బొట్టు పెట్టిన టచ్‌ప్యాడ్

శనివారం ఉదయం పదకొండూ ఇరవైకి కృష్ణకుమారిగారు తలుపు తీశారు. నేను చెప్పులు విప్పకముందే అడిగారు.

"ఆయన బతికే ఉన్నారంటారా?"

"తెలీదమ్మా. తెలుసుకోడానికే వచ్చాను."

ఇలాంటి ప్రశ్నకి ఇరవై ఏళ్ళుగా నా దగ్గర ఉన్నది ఈ ఒక్క జవాబే. విన్నవాళ్ళెవరికీ నచ్చదు. ఆవిడకీ నచ్చలేదు, కానీ పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

నా పేరు లక్ష్మీపతి. కేంద్ర ప్రభుత్వంలో విజిలెన్స్ ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పడక ముందుగానే రిటైరై, ఢిల్లీ మునీర్కాలో ఒక జిరాక్స్ షాపు పైన డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నవాణ్ణి. నాకు వచ్చే కేసుల్లో ముప్పాతిక భాగం పెళ్ళికొడుకుల గుణగణాలు ఆరా తీసేవే. ఇది ఆ రకం కాదు.

కృష్ణకుమారిగారి భర్త సుధీంద్ర, మందుల నాణ్యత పరీక్షించే ఒక ప్రభుత్వ లాబొరేటరీలో సీనియర్ ఎనలిస్టు. మొన్న గురువారం మధ్యాహ్నం ఈ ఆర్.కె. పురం క్వార్టర్లోంచి మాయమయ్యాడు. ఎల్లుండి సోమవారం పదిన్నరకి ఆయన ఒక విచారణ కమిటీ ముందు కూర్చోవాలి. ఒక కంపెనీ సెలైన్ ఎక్కించుకుని తొమ్మిదిమంది రోగులు పోయారు. ఆ సీసాల్లో విషం ఉందని పరీక్షలో తేల్చింది సుధీంద్ర. సోమవారం ఆయన రాకపోతే ఆ కంపెనీ చేతులు దులుపుకుని వెళ్ళిపోతుంది. ఎల్లుండిలోగా దొరక్కపోతే ఇక ఎప్పటికీ దొరకడని నా భయం. దాన్ని ఆవిడకి చెప్పలేదు.

"పోలీసులేమన్నారు?"

"ఉత్తరం చదివి, ఆయన తన ఇష్టం మీదే వెళ్ళారు, కోపం తగ్గాక వస్తారులే అన్నారండీ. మిస్సింగ్ కంప్లయింటు రాసుకుని నంబరిచ్చి పంపేశారు."

ఉత్తరం పడకగదిలో బల్లమీదున్న ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆఫీసువాళ్ళిచ్చిందే, ఎనిమిదేళ్ళ పాతది. మూత తెరిచి, కీబోర్డు కింద ఉన్న టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి కదిపితే బాణం గుర్తు కదిలింది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. సెలైన్ రిపోర్టు తప్పుగా రాశాను, కమిటీ ముందు తలెత్తుకోలేను, నా ఇష్టంతోనే వెళ్తున్నాను, వెతకొద్దు. రాసిన టైము గురువారం సాయంత్రం నాలుగూ పన్నెండు.

"మీరెన్నింటికి బయటికి వెళ్ళారు?"

"మూడూ పదికి. తెలుగువాళ్ళం పదిమందిమి గురువారం గురువారం లలితా సహస్రనామం చదువుకుంటామండి. అయిదూ పాతికకి వచ్చాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన లేరు. ఫోన్ కలవలేదు. ఒక గంట చూసి పైనున్న త్యాగరాజు అన్నయ్యగారిని పిలిచాను. ఆయనే ఈ ఉత్తరం చూశారు. మేం చదవాలని పాస్‌వర్డు కూడా తీసేసి వెళ్ళారండీ ఈయన."

గదిని చుట్టూ చూశాను. మంచం పక్కన ప్లాస్టిక్ మాత్రల డబ్బా ఉంది, వారానికి ఏడు గళ్ళు, ఒక్కో గడిలో ఉదయానికీ రాత్రికీ విడివిడిగా. గురువారం ఉదయం గడి ఖాళీ. గురువారం రాత్రి మాత్రలు అలాగే ఉన్నాయి.

"బీపీవా?"

"గుండెవి. రెండేళ్ళ క్రితం స్టెంటు వేశారు. పక్క వీధికెళ్ళినా జేబులో రెండు మాత్రలు వేసుకునేవారు."

ఇష్టంతో వెళ్ళినవాడు ఇల్లు వదులుతాడు, పెళ్ళాన్ని వదులుతాడు, గుండె మాత్రలు మాత్రం వదలడు. డబ్బా ఫొటో తీసుకుని మళ్ళీ ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చాను. టచ్‌ప్యాడ్ కుడివైపు మూల పసుపుపచ్చ మరక, దాని మధ్య వెలిసిపోయిన ఎర్రచుక్క.

"ఇదేమిటమ్మా?"

ఆవిడ తలవంచుకున్నారు. "నా నిర్వాకమేనండీ. దసరాకి ఆయుధపూజ చేశాను. కారు తాళాలు, కుట్టుమిషను, కూరగాయలు కోసే కత్తి, ఈయన ల్యాప్‌టాప్, త్యాగరాజు అన్నయ్యగారి ల్యాప్‌టాప్, అన్నీ పీటమీద పెట్టాను. ఇద్దరివీ ఒకే రకం, ఒకేసారి ఇచ్చారట ఆఫీసులో. చెయ్యి తగిలే చోట బొట్టుండాలని రెండింటికీ అక్కడే తడి గంధం రాసి కుంకుమ పెట్టాను. ఈయన దానికి కాస్త ఎక్కువ రాసినట్టున్నాను. గంధం నీళ్ళు అంచుల్లోంచి లోపలికి దిగాయి. మర్నాటినుంచీ ఆ బాణం ఒకచోట నిలవదు. దెయ్యం పట్టినట్టు దానంతటదే తిరుగుతుంది."

"మౌస్ పెట్టుకోవచ్చుగా?"

"అదే అన్నాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌కి మౌస్ తగిలించే సందులేవీ పనిచేయవన్నారు. నెల పైన అవస్థపడ్డారు. నేను బాధపడతానని ఒక్క మాట అనలేదు. చివరికి కటవారియా సరాయ్‌లో పాపయ్యని ఉన్నాడు, మనవాడే, అతని దగ్గరికి తీసుకెళ్ళారు. బుధవారం రాత్రి ఏడుంపావుకి తెచ్చి, బాగైపోయిందిలే, నీ బొట్టు వల్ల ఏ నష్టమూ జరగలేదు అన్నారు."

కొంగుతో ఆ మరకని తుడవబోయి ఆగారు. నేను ల్యాప్‌టాప్‌ని తిరగేశాను. అడుగున ఆఫీసు నంబరు చీటీ ఉండాల్సిన చోట ఎవరో గోటితో గీరేశారు. జిగురు ఇంకా వేలికి అంటుతోంది. అలవాటు కొద్దీ దాన్నీ ఫొటో తీశాను. పాపయ్య షాపు ఎక్కడో అడిగి రాసుకున్నాను.

సరిగ్గా అప్పుడే త్యాగరాజు వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. నుదుట విభూతి, చేతిలో స్టీలు క్యారేజీ. రాజమండ్రి మనిషి. సుధీంద్రతో పాటే లాబ్‌లో పనిచేస్తాడు, పై అంతస్తు క్వార్టర్లో ఒంటరిగా ఉంటాడు.

"చెల్లెమ్మా, పులిహోర కలిపాను. రెండు ముద్దలైనా తినాలి మరి," అని క్యారేజీ బల్లమీద పెట్టి నావైపు తిరిగాడు. "మీరేనాండీ లక్ష్మీపతిగారు? మా సుధీంద్ర దొరుకుతాడంటారా?"

"దొరికితే మీకు సంతోషమేనా?"

ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకోవాలనే అడిగాను. పరామర్శకి వచ్చినవాణ్ణి ముందు కాస్త గిల్లితే, తర్వాత జవాబులు తొందరగా వస్తాయి.

"అదేం మాటండీ. పద్దెనిమిదేళ్ళ స్నేహం మాది."

"గురువారం మీరెక్కడున్నారు?"

"లాబ్‌లోనండి. ఆరింటిదాకా. ఆరున్నరకి ఇంటికొచ్చేసరికి చెల్లెమ్మ ఫోన్."

"సుధీంద్రగారు ఆరోజు లాబ్‌కి వచ్చారా?"

"పొద్దున్న వచ్చాడు. ఒంట్లో బాగాలేదని రెండింటికి ఇంటికెళ్ళిపోయాడు."

"ఉత్తరం మొదట చూసింది మీరేగా? ఎలా చూశారు?"

"మూత తెరిచే ఉందండి. తెర చీకటిగా ఉంటే ఇలా వేలు పెట్టి కదిపాను. బాణం హాయిగా కదిలింది. పాపయ్య మంచి పనివాడేనే అనుకున్నాను కూడానండి. అంతలో ఉత్తరం కనిపించింది."

"ఈ టచ్‌ప్యాడ్ గురించి ఆయనకి ఎందుకంత బెంగ?"

త్యాగరాజు కుర్చీ లాక్కున్నాడు. ఆఫీసు సంగతి వచ్చేసరికి మాట సాఫీగా నడిచింది. "మా పరీక్షల రీడింగులు గ్రాఫులా వస్తాయండి. ఎవరి శాంపిల్ రీడింగులు వాళ్ళ ల్యాప్‌టాప్‌లోనే, వాళ్ళ పాస్‌వర్డుతోనే తెరుచుకుంటాయి. బాణాన్ని గ్రాఫు మీద పెట్టి లాగితే తప్ప అసలు అంకెలు కనబడవు. కమిటీకి అవి చూపించాలి. డేటా బయటికి పోకూడదని మిగతా సందులన్నీ మూసేశారు కదండీ. టచ్‌ప్యాడ్ పోతే అది వట్టి టైపు మిషనేనండి."

"చూపించడమేనా, మార్చడం కూడా అలాగేనా?"

క్యారేజీ మూత సర్దాడు. "మార్చాలన్నా అంతేనండి."

"మీ ల్యాప్‌టాప్ ఎక్కడుంది?"

"లాబ్‌లో, బీరువాలో."

పన్నెండుంపావుకి ఆయన పైకి వెళ్ళాడు. పులిహోర వాసన బాగానే ఉంది. కృష్ణకుమారిగారు దాని మూత తియ్యలేదు.

పన్నెండూ యాభైకి గుమ్మంలో ఖరీదైన సెంటు వాసన వచ్చింది. దాని వెనకే పృథ్వీరాజ్ వచ్చాడు. అతనిదీ డిటెక్టివ్ ఏజెన్సీయే. భికాజీ కామాలో అద్దాల ఆఫీసు, పదహారుమంది సిబ్బంది, పెద్ద పెద్ద ఆఫీసులతో కాంట్రాక్టులు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడాల్సి వచ్చేసరికి హిందీలోకి జారిపోతాడు. మూడేళ్ళ క్రితం నేను ఆర్నెల్లు తిరిగి తేల్చిన కేసుని ఆఖరి వారంలో ఎగరేసుకుపోయి పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. నాకది ఇంకా మంటే, దాచుకోను.

"అరే, అంకుల్. మీరిక్కడా?" అన్నాడు. నాకు యాభై రెండు, అతనికి నలభై. అంకుల్ అనేది కావాలనే.

"నువ్వెందుకొచ్చావు?"

"లాప్‌టాప్ గవర్నమెంటు ప్రాపర్టీ. లాబ్‌వాళ్ళు రికవరీ పని మాకిచ్చారు. యే దేఖియే." కాగితం చూపించాడు. లాబ్ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు, కింద ఇన్‌చార్జ్ అని త్యాగరాజు సంతకం. తేదీ ఇవాళ్టిదే.

కృష్ణకుమారిగారు బల్లకి అడ్డంగా నిలబడ్డారు. "ఆయన చివరిసారి ముట్టుకున్న వస్తువు బాబూ అది."

"ఆంటీ, టెన్షన్ మత్ లీజియే. రిసీట్ ఇస్తాను."

"ఒక మనిషి కనపడకుండా పోయాడు," అన్నాను. "నువ్వు వస్తువు కోసం వచ్చావు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది నీ పని."

అతను నవ్వి, నిలబడే టచ్‌ప్యాడ్ మీద వేలు రాసి ఉత్తరాన్ని పైకీ కిందకీ జరిపి చూపించాడు. "లెటర్ హై. టైమ్ హై. భయపడడానికి రీజన్ భీ హై. ఔర్ క్యా చాహియే, అంకుల్? ఆయన హరిద్వార్‌లోనో రిషికేశ్‌లోనో ఉంటాడు. నాలుగు రోజుల్లో వస్తాడు."

"గుండె మాత్రలు ఇక్కడే ఉన్నాయి."

"అక్కడ కూడా మెడికల్ షాపులుంటాయి."

"అడుగున నంబరు చీటీ ఎవరు గీరేశారు?"

"ఎనిమిది సాల్ పురానా లాప్‌టాప్. ఊడిపోయి ఉంటుంది." ల్యాప్‌టాప్‌ని సంచిలో పెట్టి జిప్ వేశాడు. "మీ కాలంలో కేసులు ఇలా చీటీల మీద నడిచేవేమో. ఇప్పుడు నడవవు."

చెయ్యి అడ్డం పెడితే చట్టం అతని పక్షాన ఉంటుంది. రసీదులో టైము వేయించాను, ఒంటిగంటా అయిదు. ఆవిడని తలుపు గడియ వేసుకోమని చెప్పి బయటపడ్డాను. ఎవరు పిలిస్తే తీయకూడదో కూడా చెప్పి ఉండాల్సింది. అప్పటికి నాకే తెలీదు.

కటవారియా సరాయ్‌లో పాపయ్య షాపు ఒక స్టూడెంట్ల హాస్టల్ మెట్లకింద ఉంది. ఒక బల్ల, ఒక లైటు, గోడనిండా డబ్బాలు. కరీంనగర్ మనిషి, పదమూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. నేను వెళ్ళేసరికి రెండూ పది. ఎవరిదో కీబోర్డు విప్పి పళ్ళు తోమే బ్రష్షుతో శుభ్రం చేస్తున్నాడు.

"సుధీంద్ర సారా? మస్తు మంచోడు సార్. లాప్‌టాప్ కోసం వచ్చిన్రా? పార్టు పొద్దుగాలనే వచ్చింది, నెహ్రూ ప్లేస్ మార్కెట్‌కెళ్ళి."

"ఏ పార్టు?"

"ఆ సార్ టచ్‌ప్యాడ్ పార్టు. ఇయ్యాళ పెట్టిస్తనని చెప్పిన గద."

"బుధవారం నువ్వు బాగుచేసి ఇచ్చావుగా?"

పాపయ్య బ్రష్ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరన్నరు? బాగు కాలే సార్ అది. విప్పి చూస్తే లోపల గంధం గడ్డ కట్టింది. టచ్‌ప్యాడ్‌కెళ్ళి మదర్‌బోర్డుకి పోయే కేబుల్ ఉంటది, బద్దీ లెక్క పల్చగ. దాని మొనలు తినేసింది. అందుకే కర్సర్ దానంతటదే ఉరుకుతుండె. మంచిగ తుడిచి, ఆ కేబుల్ పీకేసిన. శనివారం కొత్తది పెడత, అప్పటిదాక టైపింగ్ చేసుకోండి సార్, టచ్‌ప్యాడ్ ముట్టినా పనిచెయ్యదు అని చెప్పి ఇచ్చిన."

"కేబుల్ పీకి మళ్ళీ అందులోనే పెట్టావా?"

"లేదు సార్. కొత్తదాని పక్కన పెట్టి కొలత చూస్కోవాలె గద." సొరుగు లాగి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. మీద 'సుధీంద్ర సార్' అని పెన్నుతో రాసి ఉంది. లోపల వేలెడు పొడుగు పల్చటి తెల్ల బద్దీ. దాని మొన మీద పసుపుపచ్చటి పక్కు, అక్కడక్కడ ఎర్రటి పొడి.

నా వేలివైపు చూసుకున్నాను. రెండున్నర గంటల క్రితం ఆ వేలితోనే బాణాన్ని కదిపాను. నా తర్వాత పృథ్వీరాజ్ కదిపాడు. గురువారం సాయంత్రం త్యాగరాజు కదిపాడు, హాయిగా కదిలిందని మెచ్చుకున్నాడు కూడా. కేబుల్ చూస్తే బుధవారం నుంచీ ఈ సొరుగులో ఉంది.

"పాపయ్యా, కేబుల్ లేకుండా ఆ టచ్‌ప్యాడ్ పనిచేసే వీలుందా?"

"కరెంటు తీగ కోసేస్తే బల్బు వెలుగుతదా సార్?"

"ఆ ల్యాప్‌టాప్ అడుగున నువ్వేమైనా గుర్తు పెడతావా?"

"చీటీ అంటిస్త. నా పేరు, ఫోన్ నంబరు, ఏం పని, ఏ తారీఖు. దీనికి 'టచ్‌ప్యాడ్, పార్టు శనివారం' అని రాసిన."

పొద్దున్న ఫోన్‌లో తీసిన ఫొటో చూపించాను. పాపయ్య దాన్ని పెద్దది చేసి చూసి అడ్డంగా తలూపాడు. "నా చీటీ లేదు. ఇది ఆ సార్ లాప్‌టాప్ కానేకాదు. అసుంటిదే ఇంకోటి."

అలాంటిది ఇంకొకటి ఎక్కడుందో పొద్దున్నే కృష్ణకుమారిగారి నోటే విన్నాను. ఒకే పీటమీద, ఒకే చేతితో, ఒకే చోట బొట్టు పెట్టించుకున్న రెండో ల్యాప్‌టాప్. బొట్టుతో సహా కవలల్లా ఉన్నాయి కదా అని త్యాగరాజు తనదాన్ని బల్లమీద పెట్టి, తన నంబరు చీటీ గీరేసి, పాస్‌వర్డు తీసేసి, దొంగ ఉత్తరం తెరిచి ఉంచాడు. సుధీంద్రనీ అసలు ల్యాప్‌టాప్‌నీ ఆ సెలైన్ కంపెనీ మనుషులు పట్టుకుపోయి ఉంటారు. సుధీంద్ర తన భార్య మనసు నొచ్చుకోకూడదని చెప్పిన చిన్న అబద్ధం త్యాగరాజు కూడా నమ్మాడు. టచ్‌ప్యాడ్ నిజంగానే బాగైందనుకున్నాడు.

నాకు నామీదే కోపం వచ్చింది. పులిహోర క్యారేజీతో వచ్చినవాడికి సుధీంద్ర ల్యాప్‌టాప్ ఎంత అవసరమో ఆ నోటితోనే చెప్పించుకుని, తిరిగి పైకి వెళ్ళనిచ్చాను.

కృష్ణకుమారిగారికి ఫోన్ చేశాను. రింగై రింగై ఆగిపోయింది. పృథ్వీరాజ్‌కి చేశాను.

"ఆ ల్యాప్‌టాప్ ఎవరికీ ఇవ్వకు. అది సుధీంద్రది కాదు."

"ఇచ్చేశాను అంకుల్. ఒంటిగంటా నలభైకి, త్యాగరాజు సార్‌కే. రిసీట్ భీ లే లియా."

"త్యాగరాజే సుధీంద్రని మాయం చేశాడు."

నవ్వాడు. "సుబూత్? సాక్ష్యం ఉందా?"

"వేలెడు కేబుల్ ముక్క."

"చీటీ అయింది, ఇప్పుడు కేబులా? అంకుల్, ఆరామ్ కీజియే." పెట్టేశాడు.

పోలీస్ స్టేషన్‌కి చేశాను. అవతల కానిస్టేబుల్ ఓపిగ్గా విన్నాడు. ఎస్సై బందోబస్తుకి వెళ్ళాడనీ, వచ్చి రాతపూర్వకంగా ఇమ్మనీ చెప్పాడు. ఆ ఫోన్ పెడుతుండగానే బల్లమీద పాపయ్య ఫోన్ మోగింది. కొత్త నంబరు. పాపయ్య స్పీకర్ నొక్కాడు.

"పాపయ్యా భాయ్, మై సుధీంద్ర బోల్ రహా హూఁ."

పాపయ్య నోరు తెరిచాడు. నేను వేలు పెదాలమీద పెట్టుకుని, మాట్లాడమని సైగ చేశాను. సుధీంద్ర గొంతు నేనెప్పుడూ వినలేదు. కానీ ఈ మనిషి మాట మాటకీ ఊపిరి కోసం ఆగుతున్నాడు. రెండు రోజులుగా మాత్రలు వేసుకోనివాడి గొంతది.

"సార్, మీరు హిందీల..."

"హిందీ మే బోలో భాయ్. మేరా టచ్‌ప్యాడ్ కా పార్ట్ ఆయా?"

"ఆయా సార్."

"ఘర్ పే ఆకే లగానా హై. జనక్‌పురి." ఇంటికొచ్చి బిగించాలట. బ్లాకు, ఇంటి నంబరు, కింద బ్యూటీ పార్లరు, రెండో అంతస్తు. నేను చీటీ మీద రాసుకున్నాను. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ధీరే ధీరే కరేంగే. కోయీ జల్దీ నహీ హై."

వెంటనే ఇంకో గొంతు, మొరటుది. "జల్దీ క్యోఁ నహీ హై? చార్ బజే తక్ పహుఁచ్. అకేలా." నాలుగింటికల్లా ఒంటరిగా రమ్మని ఫోన్ పెట్టేశాడు.

చెమట పట్టిన చేతిని పాపయ్య చొక్కాకి తుడుచుకున్నాడు. "ఎప్పుడూ మనతోని తెలుగులనే మాట్లాడతడు సార్. గట్లెందుకు మాట్లాడిండు?"

"పక్కనున్నవాడికి అర్థం కావాలని. అతను బతికున్నాడు పాపయ్యా. ఎందుకు బతికున్నాడో తెలుసా? ఆ రీడింగులు మార్చడానికి వాళ్ళకి అతని పాస్‌వర్డు కావాలి, ఆ ల్యాప్‌టాప్ కావాలి, పనిచేసే టచ్‌ప్యాడ్ కావాలి. మూడోదే లేదు. అడుగున నీ చీటీ కనబడింది. నీకు ఫోన్ చేయించారు."

"అంటే నేను బాగు చేస్తే..."

"చేసిన గంటలో అంకెలు మారతాయి. ఆ తర్వాత వాళ్ళకి సుధీంద్రతో పని లేదు."

తొందర లేదని అతను చెప్పింది పాపయ్యకి. నువ్వెంత ఆలస్యం చేస్తే నేనంతసేపు బతికుంటానని దాని అర్థం.

మళ్ళీ కృష్ణకుమారిగారికి చేశాను. ఈసారి రెండో రింగుకే ఎత్తారు. నేనే ముందు మాట్లాడేశాను.

"అమ్మా, మీవారు బతికే ఉన్నారు. తలుపు గడియ తీయకండి. త్యాగరాజు వస్తే అసలే తీయకండి."

అవతల కారు హారన్లు వినిపించాయి. తర్వాత తాపీగా ఒక మగగొంతు.

"నేనేనండి, త్యాగరాజుని. చెల్లెమ్మ నా పక్కనే ఉంది. రెండు రాత్రులు నిద్రలేదు కదండీ, కారెక్కగానే కళ్ళు మూతలు పడ్డాయి. సుధీంద్ర ఆచూకీ తెలిసిందన్నాను. గడియ తీసి వచ్చేసింది, పాపం."

ఆయన ఏ కంగారూ లేకుండా, పిల్ల నిద్ర చెడగొట్టకూడదన్నట్టు మెల్లగా మాట్లాడుతున్నాడు.

"పాపయ్య షాపుకే వెళ్ళారని చెల్లెమ్మ చెప్పిందండి. ఒంటరిగా రమ్మని మావాళ్ళు అతనికి చెప్పి ఉంటారు. మీరూ రండి. మీరిద్దరే రండి. ఆ పార్టు మర్చిపోకండి."

పార్టు గురించి నేను ఆయనకి చెప్పలేదు, ఆవిడకీ చెప్పలేదు. సుధీంద్రని పట్టుకుని పాపయ్య చీటీ చదివినవాళ్ళకే అది తెలుసు. తను వాళ్ళ మనిషేనని ఇప్పుడు నాకు తెలిసినా ఆయనకి పట్టింపు లేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

"ఆవిణ్ణి దింపేయండి. ఆవిడకేమీ తెలీదు."

"దసరానాడు ఆవిడ పెట్టిన బొట్టు వల్లే ఇంత చిక్కు వచ్చిందండి. ఇప్పుడు ఆ నుదుటి బొట్టు మీ చేతుల్లో ఉంది. పోలీసు జీపు కనబడితే మాత్రం నాది పూచీ కాదు. నాలుగింటికి." పెట్టేశాడు.

రెండూ నలభై. జనక్‌పురి చేరాలంటే ఇప్పుడే బయల్దేరాలి. జీపు అక్కర్లేదు కానీ మనిషి సాయం కావాలి. ఈ ఊళ్ళో పదహారుమంది మనుషులున్నవాడు నాకు ఒక్కడే తెలుసు. మూడేళ్ళ మంటని మింగి, ఆ కేబుల్ ఫొటో, పాపయ్య చెప్పిన మాటలు, జనక్‌పురి అడ్రసు పృథ్వీరాజ్‌కి వాట్సాప్‌లో పంపించాను. 'నీ సాయం కావాలి' అని చివర రాశాను. నా వేళ్ళు ఆ మాట టైపు చేయడానికి ఒప్పుకోలేదు, అయినా రాశాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు.

"పాపయ్యా, నువ్వు రాకపోయినా నేనేమీ అనను. పార్టు ఇలా ఇయ్యి, నేనొక్కణ్ణే పోతాను."

అతను లేచాడు. లైటు ఆపి, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు.

"మీకు ఒక్క స్క్రూ విప్పుడు రాదు సార్. అయిదు నిమిషాల్ల పట్టుకుంటరు. నా చీటీ చూసే గద ఫోన్ చేసిన్రు. నేను రావాలె."

"బాగు చేస్తున్నట్టే ఉండి బాగుకాకుండా ఎంతసేపు లాగగలవు?"

పాపయ్య ముఖం చిన్నబోయింది. "పదమూడేళ్ళల్ల గసుంటి పని చెయ్యలే సార్." కొత్త కేబుల్‌ని సంచి అడుగున, రబ్బరు షీటు మడతలో దాచాడు. గంధం పట్టిన పాత కేబుల్‌ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "కొత్తది పెడితే పది నిమిషాల పని. పాతది పెడత. కర్సర్ ఉరుకుతది, నిలుస్తది, మళ్ళ ఉరుకుతది. ఇగో అయితుంది, ఇగో అయితుంది అంటుంట. గంటన్నర. అంతకన్న ఎక్కువైతే లాప్‌టాప్ తెలిసినోడెవడైనా పట్టేస్తడు."

షట్టర్ దింపి ఆటో ఎక్కుతుండగా నా ఫోన్ టింగుమంది. పృథ్వీరాజ్ మెసేజి.

'అంకుల్, ఈ అడ్రస్ మీకెవరిచ్చారు? ఆ ఫ్లాట్ మా ఏజెన్సీదే. నేను వచ్చేదాకా మీరు లోపలికి వెళ్ళొద్దు. వస్తున్నాను.'

మూడుసార్లు చదివాను. తన ఫ్లాటులో ఏం జరుగుతోందో తెలీక కంగారుపడినవాడు రాసినట్టూ ఉంది. అన్నీ తెలిసి నన్ను గుమ్మం బయట ఆపాలనుకున్నవాడు రాసినట్టూ ఉంది. ఆ అడ్రసు నాకు తెలుసని అతనికి చెప్పింది నేనే.

"ఏమన్నడు సార్?"

"వస్తున్నాడట."

"మన దిక్కా, వాళ్ళ దిక్కా?"

"తెలీదు పాపయ్యా," అన్నాను. "తెలుసుకోడానికే వెళ్తున్నాం."